కదలకుండా కండబలం

తెలుగునాట బడికి వెళ్లిన వాళ్లకు గోడకుర్చీ గురించి చెప్పనక్కర్లేదు. ఎక్కం అప్పజెప్పకపోయినా, హోంవర్క్ మరిచిపోయినా అయ్యవార్లు వేసిన శిక్ష అది. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే మోకాళ్లు వంచి కూర్చోవాలి. నిమిషం తిరక్కముందే తొడలు మండేవి, ఆ తర్వాత వణికేవి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక శిక్షలను నిషేధించింది. పిల్లల్ని అవమానించే పద్ధతి పోవడం మంచిదే. శిక్షతో పాటు ఆ భంగిమ కూడా మరుగున పడిపోతే మాత్రం నష్టం పెద్దవాళ్లకే.

2023లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’ ఒక పెద్ద విశ్లేషణను ప్రచురించింది. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ క్రైస్ట్ చర్చ్ యూనివర్సిటీ పరిశోధకులు అంతకుముందు మూడు దశాబ్దాల్లో వచ్చిన 270 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 15,827 మంది వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఏ వ్యాయామం రక్తపోటును ఎంత తగ్గిస్తుందన్నది ప్రశ్న. నడక, పరుగు, సైకిల్ లాంటివి పై అంకెను సగటున 4.49, కింది అంకెను 2.53 పాయింట్లు తగ్గించాయి. బరువులెత్తే వ్యాయామాలు 4.55, 3.04 తగ్గించాయి. కదలకుండా కండరాన్ని బిగించి నిలిపే ఐసోమెట్రిక్ వ్యాయామాలు 8.24, 4.00 తగ్గించాయి. విడివిడిగా చూస్తే పై అంకెను దించడంలో అన్నింటికంటే ముందు నిలిచింది గోడకుర్చీయే.

డంబెల్ అక్కర్లేదు, మెషీన్ అక్కర్లేదు, జిమ్ ఫీజు అంతకన్నా అక్కర్లేదు. కావలసింది ఒక గోడ, నాలుగడుగుల నేల, ఒక తువ్వాలు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఇవి లేని ఇల్లు ఉండదు. వీటితో బలం ఎలా పెంచుకోవాలో, కొవ్వు తగ్గించుకోవడానికి ఇవి ఎంతవరకు సాయపడతాయో, ఎక్కడ సాయపడవో ఈ అధ్యాయం వివరిస్తుంది.

కండరం చేసే మూడు పనులు

మదనపల్లె టమోటా మార్కెట్లో లారీకి లోడెత్తుతున్న హమాలీని కాసేపు గమనిస్తే శరీరశాస్త్ర పాఠం కళ్ల ముందే కనిపిస్తుంది. నేల మీది నుంచి నిండు క్రేటును పైకి లేపుతాడు. అప్పుడు అతని చేతి కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. లారీలో ఉన్నవాడు ఇంకా చోటు సర్దుతుంటాడు. అంతదాకా క్రేటును ఛాతీకి ఆనించి కదలకుండా నిలబడతాడు. మెడనరాలు ఉబ్బుతాయి, మోచేతి కింద కండ గట్టిపడుతుంది, క్రేటు మాత్రం అంగుళం కదలదు. ఆ తర్వాత దాన్ని మెల్లగా పలక మీదికి దించుతాడు. అప్పుడు కండరం సాగుతూ పనిచేస్తుంది.

మధ్యలో కదలకుండా ఆగిన ఆ కొన్ని క్షణాలే ఐసోమెట్రిక్. కండరం పొడవు మారదు, కీలు తిరగదు, బిగువు మాత్రం పూర్తిగా ఉంటుంది. బయటి నుంచి చూసేవాడికి మనిషి ఊరికే నిలబడినట్టుంటుంది. లోపల నరాలు ఒక్కో కండపోగునూ పనిలోకి పిలుస్తుంటాయి. అలసిన పోగుల స్థానంలోకి కొత్తవి వస్తుంటాయి. చివర్లో వచ్చే వణుకు ఆ మార్పిడికి గుర్తు.

రక్తపోటు తగ్గడానికి కారణం కూడా ఈ బిగువులోనే ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను నొక్కుతుంది. వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆ ఉరవడికి నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది, నాళాలు వదులవుతాయి. వారాల తరబడి ఇలా జరుగుతూ ఉంటే విశ్రాంతిగా ఉన్న వేళ కూడా రక్తపోటు దిగుతుంది.

ఈ వ్యాయామానికి ఒక పరిమితి ఉంది. ఏ కోణంలో నిలిపితే ఆ కోణం చుట్టుపక్కలే బలం ఎక్కువగా పెరుగుతుంది. తొడలు నేలకు సమాంతరంగా ఉంచి మాత్రమే గోడకుర్చీ వేసేవాడికి ఆ ఎత్తులో మంచి పట్టు వస్తుంది. పూర్తిగా కూర్చుని లేచేటప్పుడు అంత బలం కనిపించకపోవచ్చు. కాబట్టి ప్రతి భంగిమనూ రెండు మూడు ఎత్తుల్లో చేయాలి. కండరం బాగా సాగి ఉన్న స్థితిలో నిలిపితే లాభం మిగతా కోణాలకూ ఎక్కువగా పాకుతుంది.

పట్టు నేర్పినవాళ్లు

కదలని బలం తెలుగువాళ్లకు కొత్త కాదు. విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు శరీరానికి చుట్టిన ఇనుప గొలుసును కండలు బిగించి తెంచేవాడు. రెండు కార్లను చెరోవైపు నడిపిస్తుంటే తాళ్లు పట్టుకుని కదలకుండా ఆపేవాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సొంత సర్కస్‌తో దేశం తిరిగి, ‘కలియుగ భీముడు’ అనిపించుకుని 1942లో కన్నుమూశాడు. కారు ఆపినప్పుడు అతని చేతులు కదలలేదు, కాళ్లు కదలలేదు. అంత శక్తీ నిలుపులోంచే వచ్చింది.

దాదాపు అదే కాలంలో అలెగ్జాండర్ జాస్ అనే రష్యన్ మల్లుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యానికి బందీగా చిక్కాడు. జైల్లో ఉన్నవి గొలుసులు, ఊచలు. తెగని గొలుసును లాగుతూ, వంగని ఊచను వంచబోతూ బలం కూడగట్టుకున్నాడు. తర్వాత బ్రిటన్ చేరి, ఆ పద్ధతినే పాఠాలుగా నేర్పాడు.

శాస్త్రం ఈ దారిలోకి గట్టిగా అడుగుపెట్టింది 1953లో. జర్మనీలో హెట్టింగర్, ముల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు రోజుకు ఒక్కసారి, ఆరు సెకన్లు, గరిష్ఠ శక్తిలో మూడింట రెండు వంతులతో కండరాన్ని బిగిస్తే వారానికి సుమారు 5 శాతం బలం పెరుగుతుందని ప్రకటించారు. ప్రపంచమంతా ఉత్సాహపడింది. తర్వాతి పరిశోధనల్లో అంత పెరుగుదల కనిపించలేదు. ఆరు సెకన్లతో సరిపెట్టుకుంటే చాలదనీ, రోజుకు కొన్నిసార్లు, కొన్ని వారాల పాటు చేయాలనీ తేలింది. వేగం విషయంలో వాళ్ల మాట నిలవకపోయినా, కదలకుండానే బలం పెరుగుతుందన్న మూలసూత్రం మాత్రం నిలిచింది.

ఈ సీమకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పుంగనూరు నుంచి ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు వెళ్లే దారికి దగ్గర్లోనే బెళ్లూరు అనే పల్లె ఉంది. 1918 డిసెంబరులో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రోజుల్లో, అక్కడ ఒక బక్కపలచని శిశువు పుట్టాడు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెనక ఒకటి పీడించాయి. పదిహేనో ఏటి ప్రాంతంలో మైసూరులో బావ కృష్ణమాచార్య దగ్గర ఆసనాలు మొదలుపెట్టాడు. ఆయనే బి.కె.ఎస్. అయ్యంగార్. ఆసనంలోకి వెళ్లి వెంటనే బయటికి రావడం కాకుండా, అందులో నిమిషాల తరబడి నిలిచి, ఏ కండరం ఎక్కడ బిగియాలో సరిచూసుకోవడం ఆయన పద్ధతి ప్రత్యేకత. ఆ శిశువు 95 ఏళ్లు బతికాడు. తొంభై దాటాక కూడా శీర్షాసనంలో నిలిచాడు.

1895లో మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి అయ్యంగార్ దగ్గర ఆసనాలు నేర్చుకున్నవాళ్లలో ఒకరు. తర్వాత కృష్ణమాచార్య కుమారుడు దేశికాచార్ దగ్గర సాధన కొనసాగించారు. ఆయన కూడా చిన్నప్పుడు మలేరియాతో బాధపడినవారే. 90 ఏళ్లు జీవించి 1986లో మరణించారు. ఆసనాల వల్లే ఆయుష్షు పెరిగిందని చెప్పడం సరికాదు. కానీ బలహీనంగా మొదలైన రెండు శరీరాలు పరికరమేదీ లేకుండా వార్ధక్యంలోనూ నిటారుగా నిలిచాయన్నది కళ్లెదుటి నిజం.

మూడు ఊళ్లు, మూడు రకాల రోజు

వందేళ్ల కిందట మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియానికి దక్షిణ భారతమంతటి నుంచీ క్షయ రోగులు వచ్చేవారు. మంచి గాలి, విశ్రాంతి, తిండి అప్పటి ముఖ్యమైన మందులు. ఇప్పుడు ఇంటింటా పలికే పేర్లు వేరు. బీపీ, షుగర్, పొట్ట. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగి 2023లో వెలువడిన అధ్యయనం పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం, దాదాపు 40 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నట్టు తేల్చింది.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే మనిషికి పగలంతా మగ్గం ముందే గడుస్తుంది. చేతులు ఆడతాయి, పాదాలు తొక్కుతాయి. నడుము, పిరుదులు మాత్రం గంటల తరబడి ఒకే తీరున ఉండిపోతాయి. టమోటా మండీలో లెక్కలు రాసే గుమాస్తాదీ అంతే. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లకు రోజులో కొన్ని గంటలు పెట్టెలోనే కరిగిపోతాయి. ఇంటికి చేరేసరికి జిమ్ మూతపడే వేళ. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో ఉండే విద్యార్థికి చోటు తక్కువ, ఖర్చుకు డబ్బూ తక్కువ. పుంగనూరు పల్లెల్లో ఆవుల పని, ఇంటి పని, పొలం పని చేసుకునే ఆడవాళ్లకు మగవాళ్లతో నిండిన జిమ్‌లోకి అడుగుపెట్టడానికి సంకోచం. వీళ్లందరికీ సరిపడే వ్యాయామం తలుపు వేసుకుని ఇంట్లోనే, తక్కువ సమయంలో, చప్పుడు లేకుండా పూర్తయ్యేదిగా ఉండాలి. ఐసోమెట్రిక్‌కు ఆ లక్షణాలన్నీ ఉన్నాయి.

ఏడు నిలుపులు

మొదట రెండు మూడు నిమిషాలు గదిలోనే నడిచి, చేతులు తిప్పి, నాలుగైదు గుంజీలు తీసి ఒళ్లు వేడెక్కించుకోవాలి. ప్రతి నిలుపులోనూ శక్తిని పదికి ఆరేడు పాళ్లు పెట్టాలి. పళ్లు బిగించి ప్రాణం పెట్టాల్సిన పని లేదు.

గోడకుర్చీ: గోడకు వీపు ఆనించి పాదాలను రెండడుగుల ముందుకు పెట్టాలి. రెండు పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి. మెల్లగా కిందికి జారాలి. కొత్తవాళ్లు తొడలు నేలకు సమాంతరమయ్యేదాకా దిగనవసరం లేదు, ఎత్తుగా కూర్చున్నట్టు ఆగితే చాలు. మోకాళ్లు పాదాల వేళ్లను దాటకూడదు, లోపలికి వాలకూడదు. చేతులు తొడల మీద ఊనకూడదు. మొదటి ఇరవై సెకన్లు తేలిగ్గా అనిపిస్తాయి. ముప్పై దాటాక మోకాలి పైన వేడి పుడుతుంది. నలభై అయిదు దగ్గర వణుకు మొదలవుతుంది. మడమలు నేలకు గట్టిగా ఒత్తి, భుజాలు వదులు చేసి, ఇంకో పది లెక్కపెట్టాలి. లేచేటప్పుడు చేతులతో గోడను పట్టుకుని మెల్లగా లేవాలి. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. నేల గచ్చయితే చెప్పులు లేకుండా చేయాలి, సాక్సులతో జారుతుంది.

ఫలకాసనం: జిమ్ భాషలో ప్లాంక్. మోచేతులు భుజాల కింద, కాలివేళ్లు నేల మీద, తల నుంచి మడమల దాకా ఒకే గీత. నడుము కిందికి వాలినా, పిరుదులు పైకి లేచినా ఆగిపోవాలి, అంతకు మించి పట్టడం నడుమునొప్పికే దారి. మోకాళ్లు నేలకు ఆనించి మొదలుపెట్టడంలో తప్పు లేదు.

పక్క ఫలకం: ఒక మోచేతి మీద పక్కకు తిరిగి, నడుము పైకెత్తి నిలపాలి. మగ్గం ముందు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు నడుముకు ఆసరా ఇచ్చే కండలు ఇక్కడే బలపడతాయి.

సగం దండీ: దండీ తీస్తూ సగంలో ఆగిపోవాలి. నేల మీద కష్టమైతే గోడకు, లేదా కదలని అరుగుకు చేతులు ఆనించి చేయాలి. ఛాతీకి, భుజాలకు, చేతుల వెనక కండలకు ఇది పని.

సేతుబంధం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుము ఎత్తాలి. బరువంతా మడమల మీదే పడాలి. రోజంతా కూర్చునే మనిషి వాడకుండా వదిలేసే పిరుదుల కండలు దీంతో మేల్కొంటాయి. తేలికయ్యాక ఒంటికాలి మీద నిలపాలి.

తువ్వాలు లాగుడు: పరికరాలు లేని వ్యాయామాల్లో నెట్టే పనులే ఎక్కువ, లాగే పని తక్కువ. ఆ లోటు ఇది తీరుస్తుంది. నేల మీద కాళ్లు చాపుకుని, పాత తువ్వాలును పాదాలకు తగిలించి, వీపు నిటారుగా ఉంచి, మోచేతులు వెనక్కి లాగాలి. పాదాలు ముందుకు నెట్టాలి, చేతులు వెనక్కి లాగాలి, తువ్వాలు కదలకూడదు. రెండు భుజపలకలు ఒకదానికొకటి దగ్గరవుతున్నట్టు తెలియాలి.

పిడికిలి పట్టు: తువ్వాలును గట్టిగా చుట్టి పిడికిట్లో నొక్కాలి. గరిష్ఠ బలంలో మూడో వంతు చాలు. ఒక్కసారికి రెండు నిమిషాల చొప్పున చేసిన ఈ పట్టు కూడా రక్తపోటును తగ్గించినట్టు అధ్యయనాలున్నాయి. రైల్లో సీటు దొరికినవాళ్లకు ఇది అనువైన వ్యాయామం. సీటు దొరకని వాళ్లు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మడమలెత్తి మునివేళ్ల మీద నిలిచి పిక్కలకు పని చెప్పవచ్చు. తలుపు దగ్గర మాత్రం వద్దు.

ఊపిరి, జాగ్రత్తలు

బలం పెట్టగానే మనిషి తెలియకుండానే ఊపిరి బిగిస్తాడు. ఐసోమెట్రిక్‌లో అతిపెద్ద పొరపాటు ఇదే. ఊపిరి బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి రక్తపోటు అమాంతం ఎగురుతుంది. గొలుసులు తెంచే మల్లుల విద్య మామూలు మనిషికి పనికిరాదు. దీనికి తేలికైన ఉపాయం పైకి లెక్కపెట్టడం. నోరు తెరిచి ‘ఒకటి, రెండు, మూడు’ అంటున్నంతసేపూ ఊపిరి ఆగదు.

విశ్రాంతిలోనే బీపీ 180/110 లేదా అంతకు మించి ఉన్నవాళ్లు ముందు వైద్యం చేయించుకుని, అది అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, మధుమేహం వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు, గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా చేయకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, విపరీతమైన తలనొప్పి వస్తే ఆ క్షణమే ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కండరం మండటం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి మామూలు కాదు. మోకాళ్లు అరిగినవాళ్లు గోడకుర్చీలో కొద్దిగా మాత్రమే దిగాలి.

బీపీ తగ్గిందని మాత్రలు సొంతంగా మానేయడం ప్రాణాంతకం. కొలిపించుకున్న అంకెలను డాక్టరుకు చూపిస్తే, మోతాదు సంగతి ఆయనే నిర్ణయిస్తారు.

కొవ్వు లెక్క

ఇక్కడ పాఠకుడికి నిజం చెప్పి తీరాలి. గోడకుర్చీ పొట్టను కరిగించదు. ఫలకాసనం కూడా కరిగించదు. ఒక భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలోని కొవ్వే తగ్గుతుందన్నది అపోహ. కొవ్వును ఎక్కడి నుంచి తీయాలో శరీరమే నిర్ణయించుకుంటుంది.

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. ఎనిమిది నిమిషాల గోడకుర్చీకి ఖర్చయ్యేది యాభై కేలరీలకు మించదు. 65 కిలోల మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 230 కేలరీలు ఖర్చవుతాయి. మండీలో రోజుకు ఆరు టీలు తాగే మనిషి ఒక్కో టీలో రెండు చెంచాలు, అంటే పది గ్రాముల చక్కెర వేసుకుంటే, చక్కెర నుంచే 240 కేలరీలు చేరతాయి. గంట నడక చక్కెరకే సరిపోయింది. చక్కెర మానేసి, గంట నడిచి, తిండిలో మరేదీ పెంచకపోతే రోజుకు 400కు పైగా లోటు ఏర్పడుతుంది. ఆ లెక్కన మూడు వారాలు తిరక్కముందే కిలో కొవ్వు తగ్గడం సాధ్యమే.

మరి ఐసోమెట్రిక్ దేనికి? తిండి తగ్గించి బరువు దిగేటప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనూ పోగొట్టుకుంటుంది. కండ పోతే బలం పోతుంది, నీరసం వస్తుంది, కొన్నాళ్లకు బరువు తిరిగొస్తుంది. కండరానికి వారానికి మూడునాలుగు రోజులు గట్టి పని చెబితే శరీరం దాన్ని నిలుపుకుంటుంది. నడక, తిండి కొవ్వును తీస్తాయి, నిలుపు వ్యాయామం కండను కాపాడుతుంది. ఈ రెండు పనులూ కలిసి సాగాలి.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. ఐసీఎంఆర్ సిఫారసు ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు అవసరం. బరువు తగ్గే రోజుల్లో ఒక గ్రాము పైన తీసుకోవడం మంచిది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడగాలి. ఈ ప్రాంతపు వంటింట్లో అందుకు లోటు లేదు. ఉలవల్లో, ఎండు అనపగింజల్లో నూరు గ్రాములకు ఇరవై గ్రాములకు పైనే మాంసకృత్తులుంటాయి. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య నొక్కి పొట్టు తీసి వండే పితికిపప్పు ఈ సీమ వంటల్లో మంచి పోషకాల కూర. రాగిసంగటి మంచిదే, అయితే రాగిలో మాంసకృత్తులు నూటికి ఏడు గ్రాములే. ముద్ద చిన్నది చేసి, పక్కన పప్పో, ఉలవచారో, గుడ్డో, మజ్జిగో పెంచుకుంటే కడుపూ నిండుతుంది, కండా నిలుస్తుంది. చెనక్కాయలు గుప్పెడు చాలు. నూరు గ్రాముల్లో పాతిక గ్రాముల మాంసకృత్తులతో పాటు 560కి పైగా కేలరీలున్నాయి.

కొలతకు కాటా కంటే టేపు నమ్మదగినది. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే భారతీయులకు ప్రమాద సూచన.

ఎనిమిది వారాల ప్రణాళిక

1, 2 వారాలు: వారానికి మూడు రోజులు, ఒక రోజు విడిచి ఒక రోజు. ఏడు నిలుపులూ ఒక్కోటి 20 సెకన్లు, రెండేసి సార్లు. మధ్యలో అర నిమిషం విశ్రాంతి. ఈ దశలో భంగిమ సరిచూసుకోవడమే లక్ష్యం.

3, 4 వారాలు: ఒక్కోటి 30 సెకన్లు, మూడేసి సార్లు. గోడకుర్చీ ఒకసారి ఎత్తుగా, ఒకసారి మధ్యగా, ఒకసారి కొంచెం కిందికి. సగం దండీ కూడా రెండు ఎత్తుల్లో.

5, 6 వారాలు: 45 సెకన్లు, మూడేసి సార్లు. సేతుబంధం ఒంటికాలి మీద ప్రయత్నించాలి.

7, 8 వారాలు: బీపీ అధ్యయనాల్లో వాడిన కొలత ప్రకారం గోడకుర్చీ. రెండు నిమిషాలు నిలిచి, రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకుంటూ, మొత్తం నాలుగుసార్లు. విశ్రాంతితో కలిపి 14 నిమిషాలు. రెండు నిమిషాలు ఆగగలిగేంత ఎత్తును ఎంచుకుని, వారం వారం కొద్దికొద్దిగా దిగాలి. మిగతా నిలుపులు రెండేసి సార్లు.

నడక అన్ని వారాల్లోనూ ఉండాలి. వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజుల కండబలం పని ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ఈ ప్రణాళిక రెండింటినీ తీరుస్తుంది.

గోడకుర్చీ తప్ప మిగతా నిలుపుల్లో నిమిషం అనాయాసంగా నిలిచే స్థితి వచ్చాక సమయం పెంచుకుంటూ పోనక్కర్లేదు, కష్టం పెంచాలి. కెనడాకు చెందిన డోనాజీన్ వైల్డ్ అనే విశ్రాంత వైస్ ప్రిన్సిపాల్ 2024 మార్చిలో, 58 ఏళ్ల వయసులో, నాలుగున్నర గంటల పైచిలుకు ప్లాంక్‌లో నిలిచి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అరవైకి చేరువైన శరీరం ఎంతటి ఓర్పు సాధించగలదో ఆమె చూపించారు. బలం కోసం మాత్రం అంతసేపు నిలవక్కర్లేదు. నేర్పుగా, కష్టంగా నిలిచిన నలభై సెకన్లు చాలు.

మొదటి రెండు మూడు వారాల్లో కనిపించే మెరుగుదల ఎక్కువగా నరాలది. కండ ఇంకా పెరగదు, ఉన్న కండను శరీరం బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కంటికి కనిపించే మార్పుకు రెండు నెలలు పట్టవచ్చు. బీపీలో తేడా కూడా వారాల మీదే వస్తుంది, రోజుల మీద రాదు. మధ్యలో పెళ్లో, జాతరో, పరీక్షలో వచ్చి వారం తప్పినా మొదటి నుంచి మొదలెట్టాల్సిన పని లేదు. ఒక మెట్టు వెనక్కి దిగి కొనసాగిస్తే సరిపోతుంది.

పుస్తకం మూసేముందు క్యాలెండర్‌లో ఈ రోజు తేదీ పక్కన మూడు అంకెలు రాసిపెట్టుకోండి: నడుము చుట్టుకొలత, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో కొలిపించుకున్న బీపీ, గోడకుర్చీలో ఆగగలిగిన సెకన్లు. సరిగ్గా ఎనిమిది వారాల తర్వాతి తేదీ పక్కన అవే మూడు అంకెలు మళ్లీ రాయండి. ఇంట్లో అమ్మానాన్నలకు బీపీ ఉంటే, డాక్టరు అనుమతి తీసుకుని వాళ్లను కూడా మీ పక్కనే గోడ దగ్గర నిలబెట్టండి. ఈ వ్యాయామం యువకుల కన్నా వాళ్లకే ఎక్కువ అవసరం.